అంతోని డప్పు

మైలవరం దాటాక రోడ్డుకి ఎడమ పక్కన మామిడి తోటలు మొదలవుతాయి. వాటిలో ఒకదానికి అంతోని కాపలా. తోట అతనిది కాదు, కాయా అతనిది కాదు. కోతకాలంలో కూలీలను పిలుస్తాడు, బుట్టలు లారీకి ఎత్తిస్తాడు. మిగతా కాలమంతా కంచె చుట్టూ తిరుగుతాడు. "నీకేం అంతోనీ, నీడపట్టు ఉద్యోగం" అంటారు ఊళ్లోవాళ్లు. నవ్వి ఊరుకుంటాడు.

అతనిదంటూ చెప్పుకోవలసినది ఒక డప్పు. తండ్రి చేతి డప్పు. చర్చి పండక్కి అదే, పెళ్లి ఊరేగింపుకి అదే, చావుకీ అదే. వాయించేటప్పుడు అతని ముఖంలో ఏమీ కనబడదు. ఉన్నదంతా చేతుల్లోకి పోతుంది.

విజయవాడకి కబడ్డీ జట్టు వచ్చిన ఏడు ఆ డప్పుకి కొత్త పని దొరికింది. జట్టు పేరు కృష్ణా కొదమలు. చొక్కాలు వంకాయ రంగు. జట్టు కొన్నది సంజీవరావు, రొయ్యలు ఎగుమతి చేసే పెద్దమనిషి. మొదటి ఆటకి అంతోని డప్పు చంకన పెట్టుకుని వెళ్తే గేటు దగ్గర గార్డు ఆపాడు. వెనక వరసలో ఉన్న ఒక లావుపాటి ఆయన ముందుకొచ్చాడు.

"డప్పు లేకుండా కూతేందయ్యా? నువ్వు పుట్టినప్పుడు ఏం వాయించారు, పియానోనా?"

గార్డు నవ్వాడు. నవ్వినవాడు ఆపలేడు. ఆ లావుపాటి ఆయన బసవయ్య. గన్నవరంలో ట్రాక్టరు సామాన్ల కొట్టు ఆయనది. ఆ రోజు నుంచి ప్రతి సీజనూ ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

గ్యాలరీకి ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. మనవాడు కూతకి వెళ్తే డప్పు మోగేది, మనుషులంతా అరిచేవాళ్లు. ఎదుటివాడు గీత దాటి మన వైపు వస్తే డప్పు ఆగేది. డప్పుతోపాటు గ్యాలరీ మొత్తం నోరు మూసేది. అంత పెద్ద హాల్లో ఒక్క మనిషి కూత ఒంటరిగా వినబడేది. దాంట్లో ఊపిరి ఎక్కడ సన్నబడుతోందో మన పట్టుగాళ్లకి తెలిసిపోయేది. పై ఊరి ఆటగాడొకడు టీవీలో అన్నాడు, విజయవాడ అరుపులకి భయపడను, ఆ మౌనంలో కూత పెట్టడమే పుష్యమాసంలో కాలవలోకి దిగినట్టుంటుంది అని. ఆ మాట విని బసవయ్య గ్యాలరీ వాళ్లందరికీ టీ పోయించాడు.

అంతోని భార్య శౌరమ్మ స్టేడియం ఎప్పుడూ చూడలేదు. టీవీలో చూసేది. అన్ని గొంతుల్లోంచీ భర్త డప్పుని వేరు చేసి వినేది. అతను ఇల్లు చేరేసరికి తీర్పు సిద్ధంగా ఉండేది.

"సెకండాఫ్‌లో తొందరపడ్డావయ్యా. ఆ పిల్లోడు ఇంకా గీత దాటనే లేదు, నువ్వు దరువు మార్చేశావు."

"నువ్వొచ్చి కొట్టు."

"నన్ను తీసుకెళ్తేగా."

తీసుకెళ్దామనుకుంటూనే ఉన్నాడు. ఈలోగా ఆమె కాళ్లకి నీరు పట్టింది. కిడ్నీలు పోయాయన్నారు. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించాలి. మొదట్లో బస్సులో విజయవాడ వెళ్లేవాళ్లు. మంచం ఖాళీ అయ్యేదాకా ఆమె వరండాలో కూర్చుని, పని అయ్యాక సంచీలో కక్కుకుంటూ తిరిగొచ్చేది. తర్వాత సంజీవరావు ట్రస్టు మైలవరంలోనే ఒక కేంద్రం తెరిచింది. గోడలు వంకాయ రంగు, గోడ నిండా ఆటగాళ్ల బొమ్మలు. వ్యాను ఇంటి ముందుకొచ్చి ఎక్కించుకుపోయేది. ఒకసారి సంజీవరావు స్వయంగా వచ్చి ఆమె మంచం పక్కన నిలబడ్డాడు. "భోంచేశారా అమ్మా?" అని అడిగాడు. ఆ మాట ఆమె చాలాకాలం చెప్పుకుంది. అంత డబ్బున్నాయన అన్నం సంగతి అడిగాడని.

ఆ ఏడు సీజను చివర్లో కబురు తెలిసింది. వచ్చే ఏడు నుంచి కొదమలు హైదరాబాదు వెళ్లిపోతాయి. అక్కడ హాలు పెద్దది, ప్రకటనలు ఎక్కువ వస్తాయట. విజయవాడలో ఇంకొక్క ఆట మిగిలింది.

స్టేడియం ఎదురుగా టీకొట్టు దగ్గర గ్యాలరీ జనం పోగయ్యారు. బసవయ్య కూతురు సుస్మిత కూడా వచ్చింది. ఇంజనీరింగు చదువుతోంది.

"జట్టు ఆయన కొనుక్కున్నది నాన్నా. లీగల్‌గా ఆయనిష్టం."

"కొన్నాడు సరే. మమ్మల్ని కూడా కొన్నాడంటావా? ఖాళీ కుర్చీల ముందు ఆడించుకుంటే కొనేవాడెవడే దాన్ని?" బసవయ్య గ్లాసు బల్ల మీద కొట్టాడు. "నల్లజెండాలు కడదాం."

"నల్లజెండాలకి పోలీసులొస్తారు."

"రానీ. వాళ్లకీ కబడ్డీ ఇష్టమే."

వెనక నుంచి ఎవరో అన్నారు, ఆసుపత్రులు కట్టించాడు, బళ్లకి బెంచీలిచ్చాడు, అట్లాంటాయన్ని అల్లరి చేస్తే బావుండదని. బసవయ్య ఊరుకోలేదు. "ఈ చేత్తో బెంచీ ఇచ్చి ఆ చేత్తో జట్టు తీసుకుపోతే దానమంటారా దాన్ని? మా కొట్లో దాన్ని ఎక్స్‌ఛేంజీ అంటాం."

అంతోని అప్పటిదాకా మాట్లాడలేదు. మాట్లాడే అలవాటున్న మనిషి కాదు. టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు, "జెండాలొద్దండీ. ఎదుటోళ్లకి ఏమిస్తామో ఆయనకీ అదే ఇద్దాం. ఆట అయ్యేదాకా డప్పు మోగదు. ఎవరూ చప్పట్లు కొట్టొద్దు, అరవొద్దు."

బసవయ్యే ముందు చెయ్యెత్తాడు. తర్వాత అందరూ ఒప్పుకున్నారు. వెళ్లేటప్పుడు బసవయ్య అతన్ని పక్కకి పిలిచాడు.

"మరి శౌరమ్మ వైద్యం?"

"ఆటకీ దానికీ ఏం సంబంధమండీ."

అన్నాడు కానీ, బస్సులో ఇబ్రహీంపట్నం దాటేదాకా ఆ మాటే నములుతూ కూర్చున్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆమె భయపడుతుందనుకున్నాడు. వద్దంటుందనుకున్నాడు. వద్దంటే తను మానేస్తాడని కూడా అతనికి తెలుసు.

ఆమె కూడా అతనికి ఒక మాట చెప్పలేదు. కేంద్రంలో నర్సు ఆమెతో అంది, చివరి ఆటకి పేషెంట్లని స్టేడియం తీసుకెళ్తున్నారు, నడవగలిగినవాళ్లు రావచ్చని. నడవగలనని శౌరమ్మ చెప్పింది. భర్తకి చెప్పకుండా దాచుకుంది. గ్యాలరీలో అతను ఎక్కడ కూర్చుంటాడో టీవీలో చూసి చూసి ఆమెకి తెలుసు. కింద నుంచి చెయ్యి ఊపుదామనుకుంది.

ఆట మొదలైంది. మొదటి కూతకి కొదమల కుర్రాడు గీత దాటుతూ అలవాటుగా పైకి చూశాడు. డప్పు మోగలేదు. వాడి అడుగు తడబడింది. గ్యాలరీలో వేలమంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. అంపైరు ఈల, చాప మీద పాదాల రాపిడి, అంతే. ముందు వరస సోఫాలో సంజీవరావు ఒకసారి వెనక్కి తిరిగి చూసి మళ్లీ ముందుకు తిరిగాడు. అంతోనికి గుండెలో ఏదో గట్టిగా నిలబడినట్టయింది. ఇన్నేళ్లు వాయించినదానికంటే వాయించనిది పెద్దగా వినబడుతోంది.

విరామంలో మైకు మోగింది. ట్రస్టు చలవతో ఆరోగ్యంగా ఉన్న మన అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములూ ఇప్పుడు మన ముందుకి వస్తున్నారు, గట్టిగా చప్పట్లు కొట్టండి అంది. పక్క తలుపు తెరుచుకుంది. చీరల మీద వంకాయ రంగు చొక్కాలు వేసుకున్న ఆడవాళ్లు, పంచెల మీద వేసుకున్న మగవాళ్లు, ఒకరి వెనక ఒకరు చాప మీదికి వచ్చారు. చివర్లో వస్తున్న మనిషి అడుగు తీసి అడుగు వేసే తీరు చూసి అంతోని లేచి నిలబడ్డాడు.

"శౌరమ్మ కదూ?" అన్నాడు బసవయ్య.

అంతోని పుల్ల చేతిలోకి తీసుకున్నాడు.

ఆ గ్యాలరీ మాట నిలబెట్టుకుంది. ఒక్క చప్పట లేదు. చెప్పులు బయట విడిచి వచ్చిన ఆ పాదాలు చాప మీద నడుస్తున్న మెత్తని చప్పుడు పైదాకా వినబడుతోంది. ఎవరో ముసలాయన దగ్గితే హాలంతా ప్రతిధ్వనించింది. శౌరమ్మ చాప మధ్యకి వచ్చి తల ఎత్తి సరిగ్గా అతనున్న చోటికి చూసింది. చెయ్యి కాస్త లేపింది.

"కొట్టవయ్యా," అన్నాడు బసవయ్య.

"మాటిచ్చామండీ."

"మాట పోతే పోయింది. కొట్టు!"

పుల్ల చేతిలోనే ఉంది. కొడితే అది ఆమె కోసమే. కానీ ఆమె పక్కన సంజీవరావు వచ్చి నిలబడి ఉన్నాడు, కెమెరాలున్నాయి. ఆ దరువు ఆయన ఖాతాలో పడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు తన మాట మీద నోళ్లు మూసుకుని కూర్చున్నారు. ఇవన్నీ అంతోని ఆలోచించాడు. ఆలోచిస్తుండగానే ఆమె నడక అయిపోయింది. సంజీవరావు ఆమె భుజాల మీద దుప్పటి కప్పాడు. ఆమె దణ్ణం పెట్టింది. బసవయ్య ఒక్కడే లేచి చప్పట్లు కొట్టాడు. అంత హాల్లో ఆ రెండు చేతుల చప్పుడు ఎటూ చాలలేదు. ఆమె తలుపులోంచి వెళ్లిపోయింది.

రెండో సగం అతను చూడలేదు. పరుగున బయటికి వచ్చి వ్యాను డ్రైవర్ని బతిమాలుకుని ఎక్కాడు. శౌరమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. దుప్పటి మడిచి ఒళ్లో పెట్టుకుంది. వ్యాను కొండపల్లి దాటింది.

"వస్తున్నానని చెప్పలేదే?" అన్నాడు చివరికి.

"నువ్వు చెప్పావా?"

కొంతసేపటికి ఆమే అంది, "ఆ మౌనం ఎదుటి జట్టుకి కదయ్యా ఇస్తారు."

"నీక్కాదు శౌరీ. ఆయనకి."

"తెలుసు. నడిచింది నేను కదా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే అతనికి తేలికయ్యేది.

మర్నాడు సంజీవరావు విలేకరులతో మాట్లాడాడు. జబ్బుపడ్డవాళ్లకి కూడా చప్పట్లు కొట్టలేని ఊళ్లో జట్టు ఎందుకుండాలో మీరే చెప్పండి అన్నాడు. బసవయ్య ఫోనులో గంటసేపు తిట్టాడు. అంతోని వింటూ ఊఁ కొట్టాడు.

వ్యాను రావడం ఆగలేదు. ఎప్పటిలాగే ఇంటి ముందుకి వచ్చింది. కేంద్రంలో ఎవరూ ఏమీ అనలేదు. బహుశా అతనెవరో అక్కడ ఎవరికీ తెలియదు. తన మౌనానికి ఏదో ఖరీదు చెల్లించవలసి వస్తుందని అతను భయపడ్డాడు. ఎవరూ అడగలేదు. అది మరీ కష్టంగా ఉంది.

ఒక సాయంత్రం డప్పుకి మంట చూపించి, బిగువు వచ్చాక గుమ్మంలో నిలబడ్డాడు.

"కొట్టనా? నీకోసమే."

శౌరమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఇప్పుడెందుకయ్యా. ఎవరు పోయారని పక్కింటోళ్లు పరిగెత్తుకొస్తారు."

నవ్వింది కూడా. అతను డప్పు లోపల తగిలించాడు.

వానాకాలంలో బసవయ్య చూడటానికి వచ్చాడు, అరటిపళ్ల అత్తంతో.

"నన్ను పంపించేద్దామనా బసవయ్యగారూ? ఈ కిడ్నీలతో అరటిపండు తింటే నా పని సరి, డాక్టరు చెప్పాడు," అంది శౌరమ్మ.

బసవయ్య ముఖం చిన్నబోయింది. పళ్లు వాకిట్లో పెట్టి కూర్చున్నాడు. "ఆ రోజు తప్పు మాదేనమ్మా. కానీ ఆయన్ని నేను క్షమించను. మిమ్మల్ని అడ్డం పెట్టుకున్నాడు."

"పెట్టుకునే ఉంటాడు," అంది శౌరమ్మ. "సూది రోజున వ్యాను వస్తది. అది ఆయన పంపిందే. జట్టుని ఎత్తుకుపోయింది కూడా ఆయనే. రెండూ ఒకే మనిషి చేస్తే నేనేం చెయ్యను? ఆయన సంగతి మీరు చూసుకోండి. నేను పైకి చూసింది ఆయన కోసం కాదుగా."

అంతోని అక్కడే ఉన్నాడు. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాడు. కడిగినవాటినే మళ్లీ కడుగుతూ చాలాసేపు అక్కడే ఉన్నాడు.

కొత్త సీజను మొదలైంది. జట్టు పేరులో కృష్ణా పోయింది, కొదమలు మిగిలాయి. చొక్కా రంగు అదే. బసవయ్య చూడటం మానేశాడు. శౌరమ్మ మానలేదు. మంచం మీద ఒరిగి, దిండు వీపుకి పెట్టుకుని టీవీ చూస్తుంది. ఆటగాళ్లు ఏం పాపం చేశారంటుంది. ముఖం వాచి ఉంటుంది, ఊపిరి అందదు, అయినా మనవాడు తాకి వస్తే చెయ్యి లేపుతుంది. అంతోని మాత్రం ఆ వేళకి అరుగు మీదికి వచ్చి కూర్చుంటాడు.

"రావయ్యా, కొదమలు గెలుస్తున్నాయి."

"వస్తున్నా."

"ఆ కొత్త పిల్లోడు భలే ఆడుతున్నాడు, చూద్దువు రా."

"వస్తున్నా, నువ్వు చూస్తుండు."

లేవలేదు. ఆమె మరి పిలవలేదు. రిమోటు వెతుక్కుని, అరుగు మీదికి వినబడేలా టీవీ సౌండు పెంచింది.