ఓడ బఫేకి ముందు పంజాగుట్టలో ఒక పూట

సింగపూర్ నుంచి బయల్దేరే మూడు రాత్రుల ఓడ ప్రయాణానికి మా ఆవిడ స్వరూప మా ఇద్దరి పేర్లూ రాయించి వచ్చిన రోజు నాకు సంతోషం కలగలేదు. నాకు జీడిపప్పు పడదు. ఆరేళ్ళ క్రితం ఒక పెళ్ళి విందులో రెండు ముద్దలు కుర్మా తిన్నాక పెదాలు, నాలుక వాచిపోయి, ఊపిరి అందక ఆస్పత్రిలో చేరాను. అప్పటినుంచి బయట భోజనం మానేశాను. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో డేటాబేస్ పాఠాలు చెబుతాను. పొద్దున ఏడింటి బ్యాచ్‌కి వెళ్ళేటప్పుడే డబ్బా కట్టుకుని వెళ్ళడం అలవాటైపోయింది. ఓడలో ఆ వీలు లేదు. పూటకి నలభై, యాభై రకాలు పరిచిన బఫేలో, ఎవరో తెలియని వంటవాళ్ళు వండింది మూడు రోజులు తినాలి. గొంతు పట్టేస్తే చుట్టూ సముద్రం తప్ప ఏమీ ఉండదు.

"నువ్వు రాకుంటే మా అక్కను తీస్కపోత," అంది స్వరూప. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. ఆమెది సిద్దిపేట, నాది తెనాలి. ఒకే సెంటర్‌లో పాఠాలు చెబుతూ పెళ్ళి చేసుకున్నాం. ఇప్పుడు ఆమె లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. "శనివారం అయిదింటి లోపట పేర్లు పక్కా చెయ్యాలంట. అప్పటిదాంక ఆలోచించు," అని గడువు పెట్టింది. నేను శుక్రవారం దాకా ఆ మాటే ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఈ సంగతి యాదగిరన్నకి చెప్పాను. మా సెంటర్ వెనక సందులో ఆయనకి కర్రీ పాయింట్ ఉంది. హాస్టళ్ళలో, గదుల్లో ఉండే పిల్లలు అన్నం వండుకుని, కూరలు మాత్రం కవర్లలో కట్టించుకుపోయే కొట్టు అది. బయటి వంటలో నేను నమ్మింది ఆ కొట్టు కూరల్నే. జీడిపప్పు వేస్తారా అని మొదటిసారి అడిగినప్పుడు ఆయన నవ్వి, "గా రేటుకు కర్రీ పాయింట్ల కాజు ఎవడేస్తడు సార్?" అన్నాడు. ఆయన ఈ కొట్టు పెట్టక ముందు పదకొండేళ్ళు విదేశీ ఓడల్లో వంటవాడు. నా భయం విన్నాక గరిటె పక్కన పెట్టి, "రేపు పంజాగుట్టల ఏదన్న హోటల్ బఫేకు పోదాం. ఓడల ఎట్ల తినాల్నో గాడ నేర్పిస్త. గక్కడ తినగల్గితే ఓడల సుత తినగల్గుతరు," అన్నాడు. పంజాగుట్టే ఎందుకన్నాను. "ఎదురుంగ పెద్ద దవాఖాన ఉన్నది గద," అన్నాడు చాలా సీరియస్‌గా.

శనివారం నా బ్యాచ్ పదకొండున్నరకి అయిపోయింది. యాదగిరన్న కొట్టు భార్యకి అప్పగించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. స్వరూప కూడా అక్కడికే వచ్చింది. బయల్దేరే ముందు మా ఇద్దరి చేతా చెరో రెండు ఇడ్లీలు తినిపించాడు. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి షేర్ ఆటోలో అయితే మనిషికి అయిదు రూపాయలు, కానీ ముగ్గురం కనక మీటర్ ఆటో ఎక్కాం. పద్దెనిమిది రూపాయలైంది. దూరం రెండు కిలోమీటర్లే అయినా ఫ్లైఓవర్ పని కోసం రోడ్డు తవ్వడంతో ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఎక్కడికని అడిగి, బఫేకని తెలిశాక ఆటో ఆయన మా ఇడ్లీల సంగతి విని నవ్వాడు. "మా సేటు ఏడాదికొకపారి తీస్కపోతడు భాయ్. మేమైతే రాత్రి నుంచే తినకుంట పోతం," అన్నాడు.

"గట్ల పోతే ఏం జూడకుంట ఏసుకుంటరు," అన్నాడు యాదగిరన్న. "నిదానంగ చూసెటందుకు కడుపుల ఇంత ఉండాలె."

హోటల్ రెండో అంతస్తులో బఫే. మనిషికి రెండు వందల డెబ్బై అయిదు, పన్ను అదనం, ముందే కట్టాలి. పన్నెండున్నరకి తలుపు తీస్తే మేమే మొదట లోపలికి వెళ్ళాం. ఆ వేళ ఎంచుకోమన్నదీ యాదగిరన్నే. తెరిచిన మొదటి అరగంటలో గిన్నెలు నిండుగా, వేడిగా ఉంటాయి, గరిటెలు దేని దగ్గర ఉండాల్సినవి దాని దగ్గరే ఉంటాయి. ఓడలో అయినా అంతేనట. మొదటి చుట్టు పళ్ళెం పట్టుకోనివ్వలేదు. ఉత్త చేతులతో మూతలన్నీ తీసి చూపిస్తూ తిప్పాడు. గిన్నె కింద మంట ఆరిపోయి ఉంటే ఆ కూర వదిలెయ్యమన్నాడు. మయొనీజ్ కలిపిన సలాడ్లు వద్దన్నాడు. "నిన్న మిగిలిన కోడిని ఇయ్యాల సలాడ్ల కలుపుతరు సార్. పదకొండేండ్లు నేనే కలిపిన," అన్నాడు. కోసి పెట్టిన పండ్ల కంటే తొక్క ఉన్న అరటిపండు, కమలాపండు మేలన్నాడు. కళ్ళ ముందు వేసే దోసె, ఆమ్లెట్ మంచివేగాని, అదే పెనం మీద అంతకు ముందు ఏం వేశారో చూడాలన్నాడు.

కుర్మా దగ్గర నిలబడి సర్వ్ చేసే అతన్ని నేనే అడిగాను. "ఇందులో జీడిపప్పు ఉందా?"

"లేదు సార్," అన్నాడు అతను నా వైపు చూడకుండానే. పక్క గిన్నె గురించి అడిగినా అదే జవాబు. యాదగిరన్న నన్ను పక్కకి లాగాడు. "ఉందా అనడిగితే లేదనే అంటరు. అడిగెటోళ్ళకు ఏది ఇష్టమో అదే చెప్తరు. వంటాయన్ని పిలిపించి, గ్రేవీ చిక్కగయ్యెటందుకు ఏమేస్తరని అడగున్రి. దానికి అవును, కాదు అని చెప్పరాదు."

వంటగదిలోంచి షెఫ్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, కాకినాడ మనిషి. "ఏంటండీ, ఏమైనా తేడా వచ్చిందా?" అన్నాడు కాస్త చిరాగ్గా. యాదగిరన్న మాట్లాడతాడని చూశాను. ఆయన కావాలనే పైకి చూస్తూ నిలబడ్డాడు. అప్పటికి హాల్లోకి పదిమంది దాకా వచ్చారు, అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. గ్రేవీ చిక్కబడటానికి ఏం వేస్తారని అడిగాను.

"జీడిపప్పు పేస్టేనండీ. కుర్మాకి మరి ఇంకేం వేస్తాం?" అన్నాడు షెఫ్. సర్వ్ చేసే అతను చూపు దించుకున్నాడు. నాకు ఆరేళ్ళ క్రితం జరిగింది చెప్పగానే షెఫ్ చిరాకు పోయింది. నాతో పాటు ప్రతి గిన్నె దగ్గరికీ వచ్చాడు. తెల్ల గ్రేవీ ఉన్నవన్నీ వదిలెయ్యమన్నాడు. "బటర్ చికెన్ ఎర్రగా ఉంది కదా అని నమ్మకండి, అందులోనూ ఉంటుంది. మలాయ్ కబాబ్ వద్దు. బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులేగానీ రుబ్బింది అదే మిక్సీ, అదీ వద్దు. స్వీట్ల వైపు అసలు వెళ్ళకండి. తెల్లన్నం, పప్పు, చేపల వేపుడు, పెరుగు తినండి, పూచీ నాది," అన్నాడు.

ఒంటిగంటకి పళ్ళెం తీసుకున్నాను. అన్నం, పాలకూర పప్పు, రెండు చేప ముక్కలు. మూడు ముద్దలు తిన్నాక కింది పెదవి చివర దురద మొదలైంది. నాలుగో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. నా ముఖం చూసి స్వరూప లేచి నిలబడింది. యాదగిరన్న పప్పు గిన్నె దగ్గరికి పరుగెత్తి, మూత తీసి చూసి, రంగు మారిన ముఖంతో వెనక్కి వచ్చాడు. "పప్పుల కుర్మ గరిటె ఉన్నది సార్. ఎవరో మార్చి పెట్టిండ్రు."

జేబులో ఎప్పుడూ ఉండే అలర్జీ మాత్ర వేసుకున్నాను. అయిదు నిమిషాల్లో రోడ్డు దాటి ఆస్పత్రి ఎమర్జెన్సీలో ఉన్నాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ గొంతు చూసింది, బీపీ, నాడి చూసింది, ఊపిరి పీల్చమని స్టెతస్కోప్ పెట్టి విన్నది. ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టించి, వాపు లేదు కనక గంటసేపు అక్కడే, తన కళ్ళ ముందే కూర్చోమంది. యాదగిరన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నాది తప్పు సార్. అడిగెటిది నేర్పిన, గరిటె సంగతి చెప్పుడు మర్చిపోయిన," అన్నాడు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటుంటే, నీళ్ళు తెచ్చిపెట్టమని పంపించాను.

"మీ అక్కని తీసుకెళ్ళు స్వరూపా," అన్నాను. నిజానికి నాకు తేలిగ్గా అనిపించింది. వెళ్ళకపోవడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు.

ఆమె నేల చూస్తూ అంది, "ఆరేండ్ల సంది నేను సుత బయట తినలే. ఎరుకనా నీకు?"

"నేనెప్పుడూ వద్దనలేదుగా."

"వద్దనలే. నీ ముందల కూసోని ఎట్ల తింట? ఆఫీసుల పార్టీ ఉంటె తిన్నట్టు చేసి వస్త. కాజు తిన్న నోటితోని ఇంటికి రావాల్నంటె భయం నాకు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఓడ మీద నాకేం పిచ్చి లేదు. మనిద్దరం ఒక్క పూటన్న బయట కూసోని తినాలె. గంతే అనుకున్న."

జీడిపప్పు నా ఒక్కడి సమస్య అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నా డబ్బా నేను కట్టుకుంటే అందరికీ సుఖమే అనుకున్నాను. ఈమె ఆఫీసు విందుల్లోంచి ఆకలితో ఇంటికి వస్తోందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దురద ఎప్పుడు తగ్గిందో గమనించలేదు.

రెండుంబావుకి డాక్టరమ్మ మళ్ళీ చూసింది. పెదవికి తగిలింది నిజంగా ఆ పప్పులో కలిసిన కాస్త కుర్మానా, లేక భయమా అంటే చెప్పలేనంది. ప్రయాణానికి ముందు నా డాక్టర్‌ని కలిసి, వెంట ఉంచుకోవాల్సిన ఇంజెక్షన్ గురించి మాట్లాడమని రాసిచ్చింది. బయటికి వస్తే గేటు దగ్గర షెఫ్ నిలబడి ఉన్నాడు. తెల్లకోటుతోనే ఎండలో వచ్చేశాడు.

"ఎలా ఉందండీ? పూచీ నాదన్నాను, ఇలా అయింది. ఆ పప్పు గిన్నె తీసేయించాను. రండి, మీరు అన్నం సగంలో వదిలేశారు. వేరే బాణలి కడిగించి నేనే వండి పెడతాను," అన్నాడు.

వద్దనబోయాను. స్వరూప నా వైపు చూడలేదు. "మిక్సీ వాడతారా?" అని అడిగాను. వాడనన్నాడు. నూనె కొత్తదా అంటే కొత్తదేనన్నాడు. "పళ్ళెం ఎవరు తెస్తారు?"

"నేనే తెస్తానండీ."

"నేను పక్కన నిలబడి చూస్త," అన్నాడు యాదగిరన్న.

మూడింటికి హాలు దాదాపు ఖాళీ. నా ముందు వేడి అన్నం, టమాటా పప్పు, వేయించిన చేప, ఒక గిన్నెలో పెరుగు. స్వరూప తన పళ్ళెంలో కుర్మా, బటర్ చికెన్, మీద జీడిపప్పు చల్లిన బ్రెడ్డు మిఠాయి డబుల్ కా మీఠా నింపుకుంది. నాకు మూడు బల్లల అవతల కిటికీ పక్కన కూర్చుంది. మొదటి ముద్ద నేను చాలాసేపు నమిలాను. ఏమీ కాలేదు. రెండో ముద్దా తిన్నాను. అవతల ఆమె తల వంచుకుని, ఎవరైనా లాక్కుంటారేమో అన్నంత శ్రద్ధగా తింటోంది. మీఠా రెండోసారి తెచ్చుకుంది. అయ్యాక సబ్బుతో చేతులు, నోరు కడుక్కుని వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుని, "మస్తున్నది," అంది. ఆమె ముఖం చూస్తే ఇన్నేళ్ళూ ఆమెని దేనికి దూరం చేశానో అర్థమైంది. షెఫ్ మా దగ్గర మళ్ళీ డబ్బులు తీసుకోలేదు.

ట్రావెల్ ఆఫీసు ఆ రోడ్డులోనే, పది నిమిషాల నడక. నాలుగున్నరకి వెళ్ళాం. కౌంటర్‌లో అమ్మాయి ఫారం ముందు పెట్టుకుని, "వెజ్జా, నాన్‌వెజ్జా, జైన్ ఫుడ్డా సర్?" అంది. నాకు ఏం పడదో, పడకపోతే ఏమవుతుందో, గరిటె దగ్గర్నుంచి మిక్సీ దాకా చెప్పాను. వెనక ఇద్దరు లైన్లో ఉన్నారు. ఉంటే ఉన్నారు. ఫారంలో ఆ గడి చాలక అమ్మాయి వెనక పేజీలో రాసుకుంది. పేర్లు ఇద్దరివీ పక్కా అయ్యాయి.

ఓడ దిగి వచ్చి పది రోజులైంది. మూడు రోజులూ తలుపు తీసే వేళకే వెళ్ళాం. ఎక్కిన సాయంత్రమే పెద్ద వంటాయన్ని కలిశాను. నా పళ్ళెం ప్రతిపూటా లోపలినుంచి విడిగా వచ్చింది. ఒక మధ్యాహ్నం మాత్రం ఆయన లేడు, ఆయన చోట ఉన్న కొత్తతను నా ప్రశ్నలకి తడబడ్డాడు, ఆ పూట ఉడికించిన గుడ్లు, అరటిపండ్లతో సరిపెట్టుకున్నాను. సముద్రం ఎలా ఉందంటే నేను పెద్దగా చెప్పలేను. నేను ఎక్కువగా చూసింది భోజనాల హాల్లో తీరిగ్గా తింటున్న నా భార్యని. జీడిపప్పు ప్రమాదం నాకు ఇప్పటికీ అంతే ఉంది. నలుగురిలో అడగడానికి పడిన సిగ్గు మాత్రం తగ్గింది. ఆ సిగ్గు వల్ల ఇద్దరు మనుషులు ఆరేళ్ళు ఇంట్లోనే కూర్చున్నారని తెలిశాక ఇక దాన్ని మోయబుద్ధి కాలేదు.

మీకూ ఇలాంటిదేదైనా పడకపోతే ఒక్క పని చెయ్యండి. ఓడ ఎక్కిన మొదటి సాయంత్రం, భోజనానికి గంట ముందు, బఫే హాలుకి వెళ్ళి పెద్ద వంటాయన్ని పిలిపించండి. మీకు పడని పదార్థం పేరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఆయన చేతికిచ్చి, పరిచిన గిన్నెల్లోంచి కాకుండా లోపలినుంచి, కడిగిన బాణలిలో వండి పెట్టమని అడగండి. ఆ మాట మీ తరఫున ఇంకొకరి చేత చెప్పించకండి, మీరే చెప్పండి.