రూతు చెవులు మూసుకున్న చోటు

దయ్యాలున్నాయంటే నేను నవ్వేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో నాది మోటార్ వైండింగ్ షాపు. ఏ మోతకైనా ఒక కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది అని నమ్మేవాణ్ణి. నా భార్య సుజాత ప్రతి ఆదివారం చర్చికి వెళ్తుంది. నేను గేటు దాకా దింపి వస్తాను. అంతే నా భక్తి.

మా పాప రూతుకు పుట్టుకతోనే వినపడదు. చెవికి మిషన్ పెట్టించాం, లాభం లేకపోయింది. దీపావళికి పక్కనే బాంబు పేలినా వెలుగు చూసి నవ్వుతుంది తప్ప ఉలిక్కిపడదు. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద వెనక బస్సు హారన్ కొట్టినా తెలియదు. అందుకని ఇంటి బయట అడుగు పెడితే ఆమె చెయ్యి మా ఇద్దరిలో ఒకరి చేతిలో ఉండాల్సిందే.

ఆ వేసవిలో మా కింది పోర్షన్ వాళ్లు నాగార్జునకొండ చూసొచ్చి చెప్పారు. సాగర్ నీళ్ల మధ్య ద్వీపం, లాంచీలో పోవాలి, అక్కడ బండ్లే ఉండవు, అంతా కాలినడకే. చరిత్ర, మ్యూజియం సుజాతకు పట్టలేదు.

"బండ్లు లేవంటున్నరు. ఆడ పిల్లను ఇడిసిపెట్టొచ్చు," అంది.

ఎల్బీ నగర్‌లో పొద్దున్నే బస్సెక్కాం. లాంచీ దిగగానే సుజాత రూతు చెయ్యి వదిలేసింది. ఆరేళ్ల పిల్ల, నిజమేనా అన్నట్టు మా ముఖాలు చూసి, చెట్ల మధ్య దారిలో పరుగందుకుంది. సుజాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మ్యూజియం చూసి పాత కట్టడాల వైపు నడిచాం. డ్యామ్ కట్టినప్పుడు కింద లోయలో మునిగిపోయేవాటిని పైకి చేర్చి మళ్లీ కట్టారట. మిట్టమధ్యాహ్నం. జనమంతా నీడకు చేరారు. ముందు పరుగెత్తుతున్న రూతు ఒక ఇటుక గోడ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది.

అంతకుముందు ఆమె ఆ పని చేయగా మేం ఎన్నడూ చూడలేదు.

"ఇగో, జర చూడు. చెవులే మూసుకుంటున్నది," అంది సుజాత. ఆ గొంతులో భయం లేదు, ఆశ ఉంది.

ఎండ దెబ్బ అనుకున్నాను. నీడకు తెచ్చి నీళ్లు తాగించాను. చేతులు దించింది, మామూలుగానే ఉంది. అటు తీసుకెళ్తే మళ్లీ మూసుకుంది. ఎక్కడో ఏదో అదురుతూ ఉండాలని వెతికాను. పంపు లేదు, జనరేటర్ లేదు. రేవులో లాంచీ ఇంజన్ ఆపేసి ఉంది. నేల మీద, గోడ మీద అరచెయ్యి ఆనించి చూశాను. వేడి తప్ప ఏమీ తెలియలేదు.

చివరికి, గోడను చూసి అలా చేస్తోందేమోనని టవల్‌తో ఆమె కళ్లు కప్పి, భుజాన వేసుకుని, అటూ ఇటూ తిప్పి వేరే వైపు నుంచి తీసుకెళ్లాను. గోడ దగ్గర పడుతుండగా నా మెడ చుట్టూ ఉన్న చేతులు విడిపోయి చెవుల మీదికి వెళ్లాయి. పిల్ల ఒళ్లంతా వణుకుతోంది.

"ఇగ చాలు. బిడ్డను పరేషాన్ చెయ్యకు," అని సుజాత నా దగ్గర నుంచి లాక్కుంది.

తిరుగు లాంచీలో రూతు నిద్రపోయింది. సుజాత ఆమె చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

మర్నాడే దవాఖానకు తీసుకెళ్లాం.

"ఏ మార్పూ లేదండీ. ఎండకి తలనొప్పి వచ్చి ఉంటుంది," అంది పరీక్ష చేసిన డాక్టరమ్మ.

నేనూ ఆ మాటే పట్టుకున్నాను. అయినా మనసు నిలవలేదు. షాపులో వైరు చుడుతూ చుడుతూ ఆగిపోయేవాణ్ణి. ఆపేసిన మోటారుకు చెవి ఆనించి కూర్చునేవాణ్ణి.

ఈ మధ్య రూతు బడిలో సైగల భాష బాగా నేర్చింది. ఫోన్‌లో ఆ గోడ ఫొటో చూపించి, ఇక్కడ ఏమైందని అడిగాను. ఆడుకుంటున్నదల్లా ఆగిపోయింది. చాలామంది అని సైగ చేసింది. కేక పెడుతున్నట్టు నోరు పెద్దగా తెరిచి చూపించింది. వాళ్లెక్కడున్నారని అడిగితే వేలు నేల వైపు పెట్టింది. మునిగిన లోయ సంగతి మేం ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

వినడమంటే ఏమిటో తెలియని పిల్ల. అది విన్నదో, మరేదైనానో, నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఎండలు ముదరగానే సుజాత మొదలుపెడుతుంది. "ఇంకొక్కపారి పోదాం. నా బిడ్డకు ఇనపడ్డ జాగ అదొక్కటే."

నేను ఏదో ఒక వంక చెప్పి దాటేస్తాను. నా బిడ్డ ఈ లోకంలో విన్నది ఆ కేకలొక్కటే అయితే, వాటిని మళ్లీ వినిపించడానికి నాకు మనసు రావడం లేదు.