కొబ్బరిచిప్ప తొడుగు వేసిన తాళంచెవి

సవాయీ దీవిలో, పడవల రేవుకు మైలు దూరాన, పెసమీనో ఇంటి వెనుక కొట్టంలో ముప్పై ఏడు క్యాబిన్ బిస్కెట్ల రేకు డబ్బాలున్నాయి. వాటిలో ఒక్క బిస్కెట్టు కూడా లేదు. అన్నీ కాగితాలే. కార్లకు తీగల కట్టలు అల్లే కర్మాగారంలో ఇరవై రెండేళ్లు పనిచేసి, అది మూతపడిన రోజున తోటివారందరూ కుర్చీలూ ఫ్యాన్లూ మోసుకుపోతూంటే, అతడు మాత్రం యాజమాన్యం చెత్తలో పడేసిన కరెంటు తీగల పటాలను చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాడు. జపాను నుంచి దిగే పాత కార్లలోని పుస్తకాలను చదవరాని భాష అని జనం పొయ్యిలో వేస్తారు. అది చూస్తే అతడికి ఒళ్లు మండిపోతుంది. యంత్రాన్ని చేసినవాడు దాని గుట్టంతా రాసి చేతికిస్తే దానితో నిప్పు రాజేసుకునే మనుషులను ఏమనాలి? అందుకే అడిగి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటకు పెన్సిలుతో అర్థం రాసుకుంటాడు.

ఆ బుధవారం మధ్యాహ్నం మహిళా సంఘం పెద్ద మతలేనా అతడి గుమ్మంలోకి వచ్చింది.

"పెసమీనో, నీ డబ్బాల్లో నిజంగా బిస్కెట్లే ఉంటే ఊరికి కాస్త పనికొచ్చేవి. లే, రా. మూడింటికి లాగుడు బండి వచ్చేస్తోంది."

సంగతి అతడికి తెలిసిందే. సంఘం ఆడవాళ్లు రెండేళ్లు చాపలు అల్లి, అమ్మి, నర్సు సీనలేయికి ఒక చిన్న కారు కొనిపెట్టారు. ఆ కారు ఆరు రోజులుగా కదలడం లేదు. బ్యాటరీ మార్చారు, పెట్రోలు పంపు మార్చారు, ఫలితం లేదు. అవతలి దీవిలో, అపియా పట్నంలోని పాత కార్ల వర్తకుడు, బండి ముఖమైనా చూడకుండా ఫోనులోనే తీర్పు చెప్పేశాడు: లోపలి కంప్యూటరు కాలిపోయింది, విడిభాగాల కింద తీసుకుంటానని, లాక్కెళ్లే బండి పంపుతానని. ఈ ఆరు రోజులూ సీనలేయి బస్సు వెళ్లేదాకా బస్సులో, ఆపైన కాలినడకన తిరుగుతోంది. బస్సే వెళ్లని కొండవాలు పల్లెలో లౌయినా అనే ముసలాయన మధుమేహపు పుండుకు అప్పటికి రెండుసార్లు కట్టు మారలేదు. ఇంకోసారి తప్పితే కాలు దక్కదని పెద్దాసుపత్రి డాక్టరు హెచ్చరించాడు.

సంఘం ఇంటి ముందు సీనలేయి కారులోనే కూర్చుని ఉంది. పెసమీనో తాళం తిప్పమన్నాడు. ఇంజను అందుకుంది, ఒక్క క్షణం ఆడింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పమన్నాడు. సరిగ్గా అంతే సేపు ఆడి ఆగింది. మూడోసారీ అంతే.

"పెట్రోలు అందని ఇంజను దగ్గుతుంది, మూలుగుతుంది. ఇదేమో ఎవరో నోరు నొక్కినట్టు ఆగుతోంది," అన్నాడు. "స్టీరింగు వెనకాల ఆ ఎర్ర దీపం ఎప్పటినుంచీ ఆరట్లేదమ్మా?"

"చెడిపోయిన రోజు నుంచీ, బాబాయ్."

"తాళంచెవి ఇలా ఇయ్యి."

చేతిలో పడ్డ వస్తువును అతడు వెలుతురుకు తిప్పి చూశాడు. నున్నగా నూనె పట్టించిన కొబ్బరిచిప్ప తొడుగు, దాని మీద పచ్చబొట్టు గీతల్లాంటి సన్నని చెక్కడం. "పాత ప్లాస్టిక్‌ది పగిలిపోయింది. పెదనాన్న మౌలోలోగారు చేసిచ్చారు," అంది సీనలేయి, తల దించుకుని. ఎప్పుడని అడిగితే ఇంకా దించుకుంది. "పోయిన గురువారం."

పెసమీనోకు అంతా అర్థమైంది. మౌలోలో అంటే ఆ ఊరి పెద్ద, పేరున్న చెక్కడపు పనివాడు, పైగా మతలేనా భర్త. ఆయన సభలో నిలబడి తన చేత్తో ఇచ్చిన కానుకను పట్టుకుని, ఇది వచ్చాకే బండి చెడిందని ఆ ఊళ్లో ఎవరంటారు? ఆ పిల్ల ఆరు రోజులు నడిచింది గాని, ఆ మాట మాత్రం అనలేదు.

అతడు తన వెంట తెచ్చిన పద్నాలుగో డబ్బా తెరిచాడు. అదే రకం కారు పుస్తకం, నలభై మూడో పుట. తాళంచెవి బొమ్మ, దాని తలలో నల్లని చుక్క. పక్కన అతడి పెన్సిలు రాత: 'దొంగల భయానికి తలలో బియ్యపు గింజంత బిళ్ల. కారు దాన్ని గుర్తుపట్టకపోతే ఇంజను ఆపేస్తుంది.' ఈ కారుతో వచ్చిన తాళంచెవి ఒక్కటే. పగిలిన ప్లాస్టిక్ ముక్కలోని ఆ బిళ్ల చెత్తతో పాటు కాలిపోయి ఉంటే వర్తకుడి మాటే నెగ్గుతుంది. ఆ ఊళ్లో చెత్తను రోజూ కాలుస్తారు.

సంఘం ఇంట్లో స్తంభానికి ఆనుకుని కూర్చున్న మౌలోలో ఎదుట పెసమీనో మఠం వేసుకుని కూర్చున్నాడు. తాళంచెవిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"తమ చేతి పని చూశాను. నాకొక్కటే అర్థం కాలేదు. కొలతలేమీ లేకుండా ఇంత బాగా ఎలా కుదిరిందండీ?"

"కొలత లేకుండానా?" ముసలాయన కనుబొమలు లేచాయి. "నేనేమైనా కలలో చూసి చెక్కానా? పాత ముక్క పక్కన పెట్టుకునే చెక్కాను. నా ఉలుల బుట్టలోనే ఉంది."

పెసమీనో ఊపిరి వదిలిన చప్పుడు బయట కారు దాకా వినిపించింది.

బుట్ట వచ్చింది. పగిలిన ప్లాస్టిక్ ముక్కను కొబ్బరిచిప్పకు ఆనించి పట్టుకుని సీనలేయి తాళంచెవి తిప్పింది. ఎర్ర దీపం ఆరిపోయింది. ఇంజను ఆడింది, క్షణం దాటింది, నిమిషం దాటింది, ఆడుతూనే ఉంది. సీనలేయి స్టీరింగు మీద తల ఆనించి ఏడుస్తూ నవ్వింది.

మౌలోలో ఆ ముక్క తీసుకుని, లోపలి నల్లని బిళ్లను గోటితో తడిమాడు. తన చెక్కడం వైపు ఒకసారి చూశాడు.

"అయితే గుండె తీసేసి మొహానికి పచ్చబొట్టు పొడిచానన్నమాట," అని ఆయనే పెద్దగా నవ్వాడు. "ఒసే పిల్లా, నోరు లేదుటే నీకు?"

"నోరెక్కడిదీ? మీ గొప్ప కోసం కుట్టేసుకుంది," అంది మతలేనా. "చూస్తారేం, ఉలి తియ్యండి!"

ఆయన చిప్ప లోపలివైపు చిన్న గూడు తొలిచి, బిళ్లను అందులో కూర్చి, సీమపనస చెట్టు జిగురుతో మూశాడు. పావుగంట పని. లాగుడు బండి రానే వచ్చింది. "బాబూ, నీ గొలుసు చుట్టేసుకో. ఆ అపియా ఆయనకి చెప్పు, కంప్యూటరు బుట్టలో దొరికిందని," అని మతలేనా దాన్ని వెనక్కి పంపించింది.

సీనలేయి అప్పటికే కట్ల పెట్టె వెనుక సీటులో పడేసి లౌయినా పల్లె దారి పట్టింది. పెసమీనో అక్కడే నిలబడి నలభై మూడో పుట అంచున పెన్సిలుతో ఆనాటి తేదీ రాశాడు. కొండ మలుపులో కారు హారను రెండుసార్లు మోగాక డబ్బా మూత నొక్కాడు.