రూతు టీచర్ ఓటు

టీవీలో పార్లమెంటు సభ్యులు బల్లలు చరిచే చప్పుడు వంటింట్లోకి వినిపిస్తే చాలు, నాకు రూతు టీచర్ గుర్తొస్తారు. ఆ చప్పుడు ఆవిడకి గిట్టేది కాదు. "అది చూసే ప్రధానమంత్రంటే రాజనుకుంటారే జనం," అనేవారు. రాయపూర్ డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు వాళ్లది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. హిందీ బడిలో సివిక్స్ చెప్పే ఆవిడ, నా బి.ఏ. పరీక్షలకి ఇంట్లో తెలుగులో చెప్పారు. "మంత్రుల్ని ఎంచుకునేది ఆయనే, శాఖలు పంచేది ఆయనే. సభ వద్దంటే మాత్రం దిగిపోవాల్సిందే. సమఝీ?" "మరి అంత అధికారం ఇవ్వడమెందుకు?" అని నా వాదన. "పని జరగొద్దూ?"

కొన్నేళ్లకి కాలనీ తెలుగు సంఘానికి నేను కార్యదర్శినయ్యాను. అధ్యక్షులవారు దండలు వేయించుకోవడానికే, పనంతా నాదే. ఇంట్లో సగం హిందీ మాట్లాడే పిల్లలకి ఆదివారం సాయంత్రాలు కాలనీ హాల్లో తెలుగు అక్షరాలు నేర్పేవాళ్లం. సాయంత్రం హాలు పెళ్లిళ్లకి పోతోందని, ఎవర్నీ అడక్కుండా క్లాసుని ఉదయం తొమ్మిదికి మార్చి నోటీసు అంటించాను. ఆ వేళకి కాలనీలో ఎన్నో ఇళ్లవాళ్లు చర్చిలో ఉంటారని తెలియక కాదు, తట్టలేదంతే. వాళ్ల పిల్లలు ఒక్కరూ రాలేదు. కమిటీలో నా మీద అవిశ్వాసం పెట్టారు. ముగ్గురు నావైపు, ముగ్గురు ఎదురు. మిగిలింది రూతు టీచర్. నన్ను చూస్తూనే నాకు వ్యతిరేకంగా చేయి ఎత్తారు.

నేరుగా వాళ్లింటికి వెళ్లి, "మీవాళ్ల కోసం వేశారు కదూ?" అన్నాను.

టీ గ్లాసు నా ముందుకి జరిపారు. "ఒక్క మాట అడిగుంటే మా పాస్టరుగారితో నేనే మాట్లాడేదాన్ని. నువ్వు అడగలేదు. అందుకు వేశాను."

"సరే, హాలు తాళాలు తీసుకోండి."

"నాకెందుకు? కొత్తవాళ్లు వచ్చేదాకా క్లాసు నువ్వే నడుపు. ఓడిన ప్రధాని కూడా మధ్యలో వదిలేసి పోడు. కొత్త హుకుంలు మాత్రం వెయ్యకు."

కమిటీ క్లాసుని మళ్లీ సాయంత్రానికి మార్చింది. కొత్త కార్యదర్శి దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఒళ్లు మండుతూనే నడిపాను. హాల్లో పెళ్లి ఉన్న రోజున క్లాసు టీచర్ వరండాలో. చర్చి పిల్లల్ని ఇల్లిల్లూ తిరిగి వెంటబెట్టుకొచ్చింది ఆవిడే.

టీచర్ ఇప్పుడు లేరు. నేనొక ఆఫీసులో పదిమందికి పెద్దని. నిజంగా అలసిపోయాను, అడగడమంటూ మొదలుపెడితే ప్రతివాడికీ ఒక అభిప్రాయం, ప్రతిదానికీ ఒక మీటింగు. ఎవర్నీ అడక్కుండా ఆర్డరు మీద సంతకం పడేస్తే పది నిమిషాల పని. పెన్ను తీస్తాను. తీసి, గదిలో ఎవరు లేరో చూసుకుని, వాళ్లకి ఫోను చేస్తాను.