తూడులంక బడిలో రోజుకో కథ

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే పొద్దుటి బస్సులో, డ్రైవరు వెనక రెండో సీటు జయశ్రీ టీచరుగారిది. ఎవరూ రాసివ్వలేదు గాని, ఆ రూట్లో తిరిగేవాళ్ళంతా అలాగే ఒప్పేసుకున్నారు. పుట్టిల్లు తాడేపల్లిగూడెం, కాపురం ఏలూరు, ఉద్యోగం కొల్లేటి మధ్యన తూడులంకలో. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి, చేపల చెరువుల మధ్య గట్టు మీద ఆటోలో వెళితే ఆ ఊరు వస్తుంది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇరవై ముగ్గురు పిల్లలు, వాళ్ళందరికీ ఒకే ఒక్క టీచరు.

ఆవిడ పాఠం చెప్పే పద్ధతి ఊరంతటికీ తెలుసు. తెలియక చస్తుందా, ఊరంతా వినపడుతుంటే! ఆవిడ ఒక లైను చదువుతారు, పిల్లలంతా గొంతెత్తి అదే లైను అంటారు. ఆ గోల మూడు చెరువుల అవతల చేపలకి మేత వేసుకునేవాళ్ళ దాకా వెళ్ళేది. టీచరుగారు ఎంత బాగా చదివిస్తున్నారో అని వాళ్ళూ అనుకునేవాళ్ళు, టీచరుగారూ అనుకునేవారు. అలా అనుకుంటూనే ఎనిమిదేళ్ళు హాయిగా గడిచిపోయాయి.

ఆగస్టు రెండో వారంలో మండలం నుంచి ప్రసాదరావుగారనే అధికారి తనిఖీకి వచ్చారు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచడం తెలియదు. ఐదో తరగతి పిల్లల్లో ఎవరినైనా పిలవమన్నారు. జయశ్రీగారు ధీమాగా అఖిలని పిలిచారు. చెరువుల్లో మేత కట్టే ఏడుకొండలు కూతురు అఖిల. క్లాసులో అందరికన్నా గట్టి గొంతు ఆ పిల్లదే. ప్రసాదరావుగారు రెండో తరగతి తెలుగు పుస్తకం తెరిచి చేతికిచ్చారు. పిచ్చుక గూడు కట్టుకునే పాఠం. ఆ పిల్ల ఎక్కడా ఆగకుండా, తడబడకుండా చదువుకుంటూ పోతోంది. జయశ్రీగారికి గర్వంతో ఛాతీ నిండిపోయింది.

ప్రసాదరావుగారు చెయ్యి చాపి పేజీ తిప్పారు. అఖిల కొత్త పేజీ మీద వేలు పెట్టి, పాత పేజీ పాఠాన్నే కడదాకా అప్పజెప్పింది. అప్పజెప్పి, ఎలా చదివాను అన్నట్టు టీచరు వైపు చూసి నవ్వింది.

జయశ్రీగారికి తల కొట్టేసినట్టయింది. మిగతా పిల్లల సంగతీ అంతే. మూడు, నాలుగు, ఐదు తరగతుల పన్నెండుమందిలో అక్షరం చూసి చదివినవాళ్ళు ఇద్దరు.

"చూడండి మేడమ్," అన్నారు ప్రసాదరావుగారు. "నవంబరు మొదటివారంలో మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పై మూడు తరగతులూ మెయిన్ రోడ్డు మీద స్కూల్లో కలిపెయ్యమని రాయాల్సొస్తుంది. అక్కడ ఐదుగురు టీచర్లున్నారు. పిల్లల మేలుకోరే చెబుతున్నానండి."

ఆ మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. సాయంత్రం అఖిల నాయనమ్మ సుందరమ్మ బడి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"టీచరమ్మా, ఆ గట్టంతా చేపల లారీలేనండి. ఇద్దరు పక్కపక్కన నడిచే దారి కాదు. దానిమీద ఆడపిల్లని మూడు కిలోమీటర్లు ఎలా పంపిస్తామండి? ఇక్కడ చదువుంటే చదువుకుంటది, లేకపోతే ఇంట్లోనే ఉంటది. నేనొక్కదాన్నే కాదండి, అందరిళ్ళల్లోనూ ఇదే మాట."

పై తరగతుల్లో ఆడపిల్లలు ఏడుగురు. సుందరమ్మ మాటంటే మాటే. జయశ్రీగారు బస్సెక్కి ఏలూరు చేరేదాకా ఆ ఏడుగురి పేర్లే మనసులో తిప్పుకున్నారు. ఎవరిమీద కోపం తెచ్చుకుందామన్నా ఎవరూ దొరకలేదు. అప్పజెప్పడమే చదవడం అని పిల్లలకి నేర్పింది తనే కదా.

మర్నాడు ఏడుకొండలు బడికి వచ్చాడు, విషయం కనుక్కుందామని. మాటల మధ్యలో కూతురి పుస్తకం తీసి తిరగేస్తూ పాఠం మొదట్లో ఉన్న నలుపూ తెలుపూ గడుల చతురస్రం చూపించాడు.

"ఇదేంటండి, ఇక్కడ కూడా డబ్బులు కొట్టాలా?"

కొట్లో డబ్బులు కట్టే యాప్ తెరిచి, దానిమీద ఫోను పెట్టి చూశాడు కూడా. "చెల్లదంటోందండి," అన్నాడు నిరాశగా.

ఆ చతురస్రం ప్రతి పాఠానికీ ఉంది. పిల్లలు దాని గడులకి స్కెచ్చులతో రంగులేశారు, ఒకడు కళ్ళూ మీసాలూ పెట్టాడు. జయశ్రీగారేమో అది ప్రెస్సువాళ్ళ గుర్తనుకుని, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. ఆవిడకి ఫోనంటే హాజరు వెయ్యడానికీ, మధ్యాహ్న భోజనంలో గుడ్ల ఫొటోలు తీసి పంపడానికీ ఉన్న వస్తువు. ఆ ఫోనులో పిల్లల ఫొటోల కన్నా గుడ్ల ఫొటోలే ఎక్కువ.

ఏడుకొండలు వెళ్ళిపోయాక, తన ఫోను కెమెరా దానిమీద పెట్టారు. ఒక లింకు వచ్చింది. నొక్కితే ప్రభుత్వం వాళ్ళ పాఠాల సైటు తెరుచుకుంది. అదే పిచ్చుక పాఠం, బొమ్మలతో, మాటలతో కదులుతోంది. దాని కింద టీచర్లకి పాఠాలు, చదవడం ఎలా నేర్పాలో చూపించే వీడియోలు. అక్కడి నుంచి వెతుక్కుంటూ పోతే, పిల్లల కథల పుస్తకాలు వందల కొద్దీ పెట్టిన ఇంకో సైటు. తెలుగులోనే. పైసా కట్టక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు.

జయశ్రీగారికి సంతోషం కన్నా ముందు ఏడుపొచ్చింది. ఇదంతా తన చేతిలోనే ఉంది, చేతిలో పట్టుకునే బడికి వస్తోంది, గుడ్లకి ఫొటోలు తీస్తోంది!

ఇక చూడండి ఆవిడ హడావిడి. ఆదివారం ఏలూరులో ఇంట్లో కూర్చుని, నెట్టు ఆగిపోయేదాకా కనిపించిందల్లా దించేశారు. భర్త వేంకటాచలంగారు కాఫీ రెండుసార్లు అడిగి, మూడోసారి తనే పెట్టుకుని ఆవిడకీ ఒక గ్లాసు తెచ్చిచ్చారు. సోమవారం పొద్దున్నకి పెన్‌డ్రైవులో మూడువందల నలభై వీడియోలు. బడికి ఎప్పుడో ఇచ్చిన టీవీ దుమ్ము దులిపి, పెన్‌డ్రైవు గుచ్చి, పొద్దుట మొదలుపెడితే భోజనాల గంట దాకా ఒకటే చూపించడం. పిల్లలు కదిలితే ఒట్టు. జయశ్రీగారికి కొండెక్కినంత సంబరం.

మూడు వారాలయ్యాక అఖిలని పిలిచి పుస్తకం ఇచ్చారు. ఆ పిల్ల పేజీ వైపైనా చూడకుండా వీడియోలో పాఠం అప్పజెప్పింది. ఈసారి వీడియోలో చెప్పే ఆవిడ గొంతుతో, ఆవిడ సాగదీసినట్టే సాగదీసి, మధ్యలో వచ్చే సంగీతం కూడా నోటితో వాయించింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. జయశ్రీగారు కుర్చీలో కూలబడ్డారు. సెప్టెంబరు సగం అయిపోయింది.

ఆ మధ్యాహ్నం బడి పక్క చెరువులో ఏడుకొండలు పడవ మీద మేత కడుతున్నాడు. చెరువులో వరసగా కర్రలు పాతి ఉంటాయి. ఒక్కో కర్రకీ తవుడు, వేరుశనగ చెక్క కలిపి నింపిన గోతాం కట్టుకుంటూ పోతున్నాడు. గోతాం అడుగున చిన్న చిన్న కన్నాలు. జయశ్రీగారు రోజూ చూసేదే. ఆ రోజు చిరాకులో ఉన్నారేమో, గట్టు మీద నిలబడి అడిగారు.

"ఏడుకొండలుగారూ, ఒక్కో గోతాం అలా కట్టుకుంటూ కూర్చోకపోతే, అంతా ఒకేసారి నీళ్ళల్లో కుమ్మరించెయ్యొచ్చుగా?"

ఏడుకొండలు నవ్వాడు. "అమ్మో, అలా పోస్తే చెరువు చచ్చిపోద్దండి. తినేది కాస్త తింటయ్యి, మిగతాదంతా అడుక్కి పోయి కుళ్ళిపోద్ది. ఇలాగైతే చేప తనే వచ్చి మూతితో పొడుచుకుంటది. పొడిస్తే కొంచెం రాలుద్ది, అది తిని మళ్ళీ పొడుస్తది. ఎంత తిన్నయ్యో కూడా గోతాం చూస్తే తెలిసిపోద్దండి."

జయశ్రీగారికి అప్పుడు తట్టింది. మూడు వారాలుగా తను చేసింది కుమ్మరించడమే. పిల్లలు పొడుచుకున్నదేమీ లేదు, వాళ్ళ నోట్లోకి అన్నీ తనే పోసేసింది. అంతకుముందు ఎనిమిదేళ్ళు చేసిందీ అదే.

బస్సులో తిరిగి వెళుతూ, టీచర్ల కోసం పెట్టిన వీడియోలు మొదటిసారి శ్రద్ధగా చూశారు. ఇరవై ఏడేళ్ళ సర్వీసు తరవాత, పక్కసీట్లో చేపల బుట్ట పెట్టుకుని మళ్ళీ ట్రైనింగు. ఒక్కో మాట కింద వేలు ఎలా పెట్టించాలి, పిల్ల ఆగితే టీచరు ఎందుకు నోరు మూసుకోవాలి, ఆ వీడియోల్లో విడమరిచి చెప్పారు. అన్నిటికన్నా ఆవిడకి కష్టమైంది నోరు మూసుకోవడమే.

మర్నాటి నుంచి పద్ధతి మారిపోయింది. ఆ కథల పుస్తకాల సైటు నుంచి రోజుకి ఒకే ఒక్క కథ. ఎనిమిది పేజీలు, పేజీకి రెండు మూడు లైన్లు. టీవీలో బొమ్మలూ అక్షరాలూ కనిపిస్తాయి గాని గొంతు వినపడదు, నొక్కేశారు. కోరస్ బందు. పిల్లలే పైకి వచ్చి, టీవీ మీద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కోవాలి. మర్నాడు ఆ కథ ఉండదు, ఇంకోటి వస్తుంది. పుస్తకమైతే ఒక్కటే, ఏడాదంతా తిప్పితే బట్టీ వచ్చేస్తుంది. ఆ సైటులో కథలకి అంతు లేదు. నోటికి వచ్చేలోపే కథ మారిపోతుంటే పాపం పిల్లలు ఏం బట్టీ పడతారు? చచ్చినట్టు చదవాల్సొచ్చింది.

మొదటి వారం అఖిల ఏడ్చింది. క్లాసులో అందరికన్నా పెద్ద గొంతున్న పిల్ల, 'మేక' దగ్గర ఆగిపోయి, నాలుగో తరగతివాళ్ళ ముందు నిలబడాల్సొచ్చింది. "నాకు చదువు రాదు టీచర్," అంది.

"వస్తుందమ్మా. రానిది నాకు, ఇప్పుడే నేర్చుకుంటున్నాను," అన్నారు జయశ్రీగారు. ఆ మాట అబద్ధం కాదు గనక ఆ పిల్ల నమ్మింది.

ఇంకో ఎత్తు కూడా వేశారావిడ. కథలో చివరి పేజీ బడిలో చూపించరు. దాన్ని సాయంత్రం తల్లిదండ్రుల ఫోన్లకి పంపిస్తారు. ఏమైందో తెలియాలంటే ఇంటికి పోయి చదువుకోవాల్సిందే. మూడో రోజుకే సుందరమ్మ అఖిల వెంటపడింది. "ఒసేయ్, ఆ నక్క బావిలోంచి బయటపడిందా లేదా చదవ్వే!" అని. తనకి అక్షరం రాదు, కథ మీద మాత్రం ప్రాణం. అఖిల కూడబలుక్కుంటూ ఉంటే, కొడుక్కి కూర కూడా వడ్డించకుండా ఎదురుగా కూర్చునేది. చెరువు గట్ల మీద కాపలా గుడిసెల్లో కూడా, మోటార్ల చప్పుడు మధ్య, పిల్లలు తండ్రుల ఫోన్లు పట్టుకుని చదవడం మొదలైంది. అక్టోబరు దాటేసరికి కథలు ముప్పైకి దగ్గరపడ్డాయి.

నవంబరు మొదటివారంలో ప్రసాదరావుగారు వచ్చారు. కిటికీల దగ్గర ఊరు ఊరంతా ఉంది. సుందరమ్మ అందరినీ తోసుకుని ముందుకొచ్చేసింది.

"సార్, ఒక్క మాటండి," అన్నారు జయశ్రీగారు. కథల సైటు తెరిచి తన ఫోను ఆయన ముందు పెట్టారు. "పుస్తకం వద్దండి. ఈ సైటులో మీరే ఏదైనా కథ తెరవండి. నేను కూడా చూడనిది."

ప్రసాదరావుగారు ఒకసారి ఆవిడ వైపు చూసి, ఫోను తీసుకుని కిందికి కిందికి జరిపి ఒక కథ తెరిచారు. పీత చెప్పులు కొనుక్కోవడానికి బయల్దేరిన కథ. జయశ్రీగారు దాన్ని ఎప్పుడూ చూడలేదు. అఖిల ఫోను పట్టుకుంది.

ఆగస్టులో ఏరులా పారిన పిల్ల, ఇప్పుడు ఆగి ఆగి చదువుతోంది. "పీ...త... పీత. చెప్పుల... కొట్టుకి... బయల్... దేరింది." కిటికీల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి, ఇదేంటి ముందే బాగా చదివేది కదా అని. జయశ్రీగారు మాత్రం వేలు వైపే చూస్తున్నారు. వేలు ఏ మాట మీద ఉంటే నోట్లో ఆ మాటే ఉంది. ఆవిడకి గట్టిగా అరవాలనిపించింది.

అడ్డంగా నడిచే పీత చెప్పుల కొట్టు గుమ్మం తప్పిపోయి, పక్క కొట్లో దూరింది. అక్కడ ఒక మాట దగ్గర అఖిల ఆగిపోయింది. "క్... క్షౌ..." జయశ్రీగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఎక్కడ అందించేస్తానో అని. అఖిల బొమ్మ చూసింది, మళ్ళీ మాట చూసింది. "క్షౌ...ర...శాల. క్షౌరశాల. సెలూనా సార్?"

"అవునమ్మా."

పేజీ తిప్పి ఇంకో లైను లోలోపలే చదువుకుని, పైకి చదవడం మానేసి పకపకా నవ్వింది. నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది.

"ఏమైందే, చెప్పవే!" అని కిటికీలోంచి సుందరమ్మ కేకేసింది.

"కటింగా, గడ్డమా అని అడుగుతున్నాడే నాయనమ్మా, పీతని!"

ప్రసాదరావుగారు కూడా నవ్వేశారు. మిగతా పదకొండుమందినీ ఒక్కొక్కరినే పిలిచి, ఒక్కొక్కరికీ వేరే కథ తెరిచి ఇచ్చారు. తొమ్మిదిమంది చదివారు. ఇద్దరు చిన్న మాటల దాకా వచ్చి ఆగారు. ఆయన తనిఖీ రిజిస్టరు తెరిచి రాయడం మొదలుపెట్టారు. జయశ్రీగారికి అడిగే ధైర్యం లేదు.

అఖిల మాత్రం ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడింది. ఆయన కలం వెనకాలే వేలు గాల్లో కదుపుతూ, గొలుసుకట్టు రాతని కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"మూడు... నాలుగు... ఐదు... తర...గతులు... ఈ... పాఠ...శాలలోనే... కొన...సాగించ...వలెను." ఒక్క క్షణం ఆగి, అర్థమయ్యాక, కిటికీ వైపు తిరిగి మూడు చెరువుల అవతలికి వినపడేలా అరిచింది. "నాయనమ్మా, ఇక్కడేనంట! మన బడి ఇక్కడేనంట!"