జానెడు ఎత్తు గట్టు

గంపలగూడెం రోడ్డులో కల్వర్టు కట్టిన కాంట్రాక్టరు, రెయిలింగు ముందు రోడ్డు వైపు పోసిన సిమెంటు గట్టును వారంలోగా తగ్గిస్తానని తొమ్మిదేళ్ల క్రితం నాకు మాట ఇచ్చాడు. అక్కడ గట్టు బెత్తెడు మించకూడదని, మించితే చక్రం దానిమీదికెక్కి బండి రెయిలింగును దాటిపోతుందని రోడ్ల నిబంధనల పుస్తకం తెరిచి మరీ చూపించాను. బస్సు కోసం ఆగేవాళ్లు రెయిలింగుకు వీపు ఆనించి కూర్చోవడానికి జానెడు గట్టే బాగుందని ఊరంతా అతన్ని మెచ్చుకుంది. గట్టు అలాగే ఉండిపోయింది.

ఈ రోజు పొద్దున నా కళ్లెదుటే మామిడికాయల వ్యాను ఒకటి గేదెను తప్పించబోయి ఆ గట్టెక్కింది. గాలిలోకి లేచి, రెయిలింగు అవతల కాలవలో పడింది. డ్రైవరు కరీం చెయ్యి విరిగింది.

కబురు విని కాంట్రాక్టరు వచ్చాడు. వంగి రెయిలింగును నిమిరాడు.

"చూశారా మాస్టారూ, ఒక్క గీత పడలా! అదండీ నా పనంటే."

"బండి దానికి తగిలితే కదయ్యా గీత పడేది! పైనుంచి పోయింది."

"అయితే తోలినోడిదే తప్పండీ."

ఊరూ అదే అంటోంది. మీ దారిలో కల్వర్టుంటే గట్టు పక్కన చెయ్యి పెట్టి కొలిచి ఈ పోస్టు కింద రాయండి. కేసు కరీం మీద పెడతారట. నన్నడిగితే మాత్రం నేను చెప్పే పేరు ఒక్కటే, కాంట్రాక్టరు వెంకటరత్నం.