దెసాంక తీర్పు

లెస్కొవాత్స్ ఊళ్లో సెప్టెంబరొస్తే చాలు, ఓ అపార్ట్‌మెంటు వెనకాల ఆడాళ్లంతా చేరి ఎర్ర క్యాప్సికం కాల్చి ఐవార్ పచ్చడి వండుతారు. రుచి చూసి తేల్చాల్సింది మాత్రం పై వాటా దెసాంకే. ఆవిడ రొమ్ము క్యాన్సర్‌కి కీమో అయిపోయి రెండేళ్లు. జుట్టొచ్చేసింది కాబట్టి అంతా బాగైపోయిందని లోకం తేల్చేసింది. పాపం, ఆ సంగతి నాలుకకే ఎవరూ చెప్పలేదు. ఏం తిన్నా తుప్పు మేకు నోట్లో పెట్టుకున్నట్టే. "ఇంకా ఏంటమ్మా నీ గొడవ" అంటారని ఎవరితోనూ అనదు. గరిటె అందుకుని, కళ్లు మూసుకుని, పెద్ద జడ్జిలా కాసేపాగి, వండినవాళ్ల మొహం చూసి తీర్పిచ్చేస్తుంది. ఈసారి కింది వాటా స్లావిత్సా గరిటె చాపింది.

"ఉప్పు సరిగ్గా సరిపోయిందే," అంది దెసాంక.

"నేనింకా వెయ్యలేదక్కా."

గంగాళం చుట్టూ ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. దెసాంక మొహం ఎర్రబడింది గానీ తల మాత్రం దించలేదు.

"అందుకే చెప్తున్నా. ఇంక వెయ్యకు."

స్లావిత్సా ఆవిడకేసి ఓ క్షణం చూసి, ఉప్పు డబ్బాకి మూత పెట్టేసింది. ఆ చలికాలమంతా బిల్డింగు బిల్డింగే ఆ చప్పిడి పచ్చడి తింది, పైన ఉప్పు చల్లుకుని. దెసాంక తలుపు తడితే మాత్రం, ముందు ఉప్పు సీసా దాచేసి తర్వాత తలుపు తీసేవాళ్లు.